ఏసీ గ్యాస్ వెనక మనిషి

మే నెలలో రాష్ట్రంలో ఎక్కడెంత ఎండ కాసిందో చెప్పే వార్తలో రెంటచింతల పేరు రాకపోతే మన పల్నాడు వాళ్లకి ఏదో వెలితిగా ఉంటుంది. పిడుగురాళ్ల దాటి గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల పోయే దారిలో ఆ నెల మిట్టమధ్యాహ్నం కారు నడిపినవాడికి ఏసీ అంటే సోకు కాదు. అద్దం దించితే వడగాలి, ఎత్తితే పొయ్యి. అలాంటప్పుడు ఏసీలోంచి వేడిగాలి వచ్చిందంటే అందరి నోటా ఒకటే మాట: గ్యాస్ అయిపోయింది, కొట్టించాలి.

పెట్రోలు అయిపోయినట్టే గ్యాస్ కూడా అయిపోతుందని మన లెక్క. నిజానికి అది ఖర్చయ్యే సరుకే కాదు. కారులో ఉన్నంతకాలం అదే గ్యాస్ తిరిగిన దారిలోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. ఈ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ గ్యాస్‌ని మన బతుకుల్లోకి తెచ్చిన మనిషి గురించి చెప్పుకోవాలి. ఆయన మెకానికల్ ఇంజనీరు. మెకానికల్ బ్రాంచి వాళ్లు ఆయన్ని చూసి గర్వపడాలో తలదించుకోవాలో తేల్చుకోవడం అంత తేలిక కాదు.

థామస్ మిడ్జ్‌లీ 1889 మే 18న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్ ఫాల్స్ అనే ఊళ్లో పుట్టాడు. పెరిగింది ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో. తండ్రి టైర్ల మీద ప్రయోగాలు చేసిన ఆవిష్కర్త, తల్లి తరఫు తాత రంపాల తయారీలో పేరున్నవాడు. ఇంట్లో పనిముట్ల చప్పుడు పుట్టుక నుంచీ ఉందన్నమాట. 1911లో కార్నెల్ యూనివర్సిటీ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు, అదే ఏడాది పెళ్లి చేసుకున్నాడు. కెమిస్ట్రీలో డిగ్రీ లేదు. కానీ జీవితాంతం చేసిందంతా కెమిస్ట్రీయే. జేబులో పీరియాడిక్ టేబుల్ పెట్టుకుని తిరిగేవాడని చెబుతారు. మనం ఫస్టియర్ పరీక్ష అవ్వగానే మర్చిపోయే ఆ పట్టిక ఆయనకి రెండుసార్లు దారి చూపించింది. రెండుసార్లూ దారి దొరికింది, రెండుసార్లూ ఆ దారి చివర గొయ్యి ఉంది.

1916లో డేటన్ నగరంలోని డెల్కో అనే కంపెనీలో చేరాడు. అక్కడ పెద్దాయన చార్లెస్ కెటరింగ్, కార్లకి ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చిన మనిషి. అప్పటికి కార్ల ఇంజన్లలో ఒక జబ్బు అందరినీ పీడిస్తోంది. ఎక్కుడు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు టకటకా శబ్దం. మనం నాకింగ్ అని చదువుకునేది అదే. నింద మాత్రం కెటరింగ్ మీద పడింది. ఆయన బ్యాటరీ ఇగ్నిషన్ వచ్చాకే ఈ శబ్దం మొదలైందని, స్పార్క్ వేళకి రాక ఇంజన్ కొట్టుకుంటోందని అన్నారు. సంగతేంటో తేల్చమని కుర్రాడైన మిడ్జ్‌లీకి అప్పజెప్పారు.

ఇక్కడ ఆయన చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. శబ్దం విని ఊహించడం కాకుండా, సిలిండర్ లోపల ఒత్తిడి ఏ క్షణానికి ఎంతుందో చూడాలనుకున్నాడు. ఒత్తిడికి కదిలే చిన్న అద్దం, దాని మీద పడి తిరిగే వెలుగు, ఆ వెలుగుని పట్టుకునే ఫొటో ఫిల్ము. ఆ గీతలు చూస్తే స్పార్క్ సరిగ్గా రావాల్సినప్పుడే వచ్చింది. అది వచ్చాక, మంట మొదలయ్యాక, ఒత్తిడి ఒక్కసారిగా ఎగిరింది. అంటే ఇగ్నిషన్‌కి ఏ పాపం తెలియదు, తప్పు పెట్రోలుది. కెటరింగ్ బయటపడ్డాడు, కానీ అసలు ప్రశ్న అప్పుడే మొదలైంది: పెట్రోలుని ఎలా మార్చాలి?

కెటరింగ్‌కి ఒక వింత ఊహ వచ్చింది. మంచు పూర్తిగా కరగకముందే పూసే ఒక అడవి మొక్క ఉంది, దాని ఆకుల వెనక ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు వేడిని పట్టుకోవడం వల్లే అది తొందరగా పూస్తోందేమో, పెట్రోలుని కూడా ఎర్రగా చేస్తే వేడిని ముందే పీల్చుకుని సాఫీగా మండుతుందేమో అనుకున్నాడు. మిడ్జ్‌లీ స్టోరుకి వెళ్లి ఎర్ర రంగు అడిగితే నూనెలో కరిగే రంగు లేదు, అయొడిన్ ఉంది. అదే కలిపాడు. నాకింగ్ తగ్గిపోయింది!

మనలో చాలామందిమి ఇక్కడే రిపోర్టు రాసేసి సంతకం పెట్టించుకునేవాళ్లం. మిడ్జ్‌లీ ఊళ్లో దొరికిన ఎర్ర రంగులన్నీ తెప్పించి ఒక్కొక్కటే కలిపి చూశాడు. ఒక్కటీ పనిచెయ్యలేదు. తర్వాత రంగే లేని అయొడిన్ సమ్మేళనం వేశాడు, అది పనిచేసింది. అంటే ఊహ తప్పు, ఫలితం మాత్రం నిజం. రంగుకీ నాకింగ్‌కీ సంబంధం లేదు, ఉన్నది అయొడిన్‌కే. మందు పనిచేసినంత మాత్రాన జబ్బు పేరు సరిగ్గా చెప్పినట్టు కాదని ఆయనకి ఇరవయ్యారు ఇరవయ్యేడేళ్లకే తెలిసింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, గ్యాస్ కొట్టించే దగ్గర పనికొస్తుంది.

అయొడిన్ ఖరీదెక్కువ, పైగా ఇంజన్‌ని తినేస్తుంది. ఏళ్లతరబడి వెతికారు. 1919లో ఎనిలీన్ దొరికింది గానీ కంపు. సెలీనియం, టెల్లూరియం ఇంకా బాగా పనిచేశాయి. కంపు మాత్రం ఇంకా ఘోరం, వెల్లుల్లిని కుళ్లబెట్టినట్టు ఉండేదట. స్నానం చేసినా, బట్టలు ఉతికినా వదిలేది కాదు. అప్పుడే మూలకాలని పట్టికలో వాటి స్థానాన్ని బట్టి వరుసపెట్టి చూడటం మొదలెట్టారు. ఏ వైపు పోతే గుణం పెరుగుతోందో గీత గీసుకుంటూ పోతే అది సీసం దగ్గర ఆగింది. 1921 డిసెంబర్ 9న టెట్రా ఇథైల్ లెడ్ చుక్క కలిపిన పెట్రోలుతో ఇంజన్ నిశ్శబ్దంగా తిరిగింది. గ్యాలనుకి 3 మిల్లీలీటర్లు చాలు.

1923లో డేటన్‌లో అమ్మకం మొదలైంది. పేరు ఇథైల్ అని పెట్టారు, అందులో సీసం అన్న మాట లేకుండా చూసుకున్నారు. సీసం విషమని రోమన్ల కాలం నుంచీ తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని మిడ్జ్‌లీకీ తెలుసు. కానీ ఆల్కహాల్ ఎవరైనా తయారుచెయ్యొచ్చు, దాని మీద ఒకడి గుత్తాధిపత్యం నడవదు. (ఇప్పుడు మన బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలే పోస్తున్నారు. వందేళ్లు చుట్టు తిరిగి వచ్చాం.)

1923 మొదట్లో ఆయనకే సీసం విషం ఎక్కింది. పని ఆపేసి, గాలి మార్పు కోసం ఫ్లోరిడా వెళ్లి కొన్ని వారాలు ఉండాల్సి వచ్చింది. మరుసటి ఏడు అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఈ సరుకు తయారుచేసే కార్మికులు పిచ్చెక్కినట్టు అరుస్తూ పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఐదుగురు చనిపోయారు, ముప్పైమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. పత్రికలు గోల చేశాయి. అక్టోబర్ 30న మిడ్జ్‌లీ విలేకరుల ముందుకొచ్చి ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని రుద్దుకున్నాడు, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని ఒక నిమిషం పాటు పీల్చాడు. రోజూ ఇలా చేసినా తనకేమీ కాదన్నాడు. ముందు ఏడాది మంచాన పడ్డ సంగతి ఆయనకి గుర్తులేక కాదు.

ఎర్ర రంగులన్నీ తెప్పించి తన గురువు ఊహనే తప్పని తేల్చిన మనిషి ఈయనే. తన సరుకు దగ్గరికి వచ్చేసరికి ఆ పరీక్ష చెయ్యలేదు, చేసినవాళ్ల మాట వినలేదు. కొంతకాలం అమ్మకం ఆపారు, 1925లో ప్రభుత్వం సమావేశం పెట్టింది, 1926లో మళ్లీ అమ్మారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు లోకంలోని కార్లన్నీ సీసం ఊదాయి. మన దేశంలో 2000లో ఆగింది. అన్నిటికన్నా చివర ఆపింది అల్జీరియా, 2021లో.

ఇక రెండో దారి. 1928లో కెటరింగ్ మళ్లీ ఒక పని చెప్పాడు. అప్పటి ఇళ్ల ఫ్రిజ్‌లలో వాడేవి సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్, అమ్మోనియా. అన్నీ విషాలే, కొన్ని మండుతాయి కూడా. రాత్రి నిద్రలో ఫ్రిజ్ లీకైతే ఇంటిల్లిపాదీ పోయేవాళ్లు. మంటపట్టనిది, విషం కానిది, సరైన వేడి దగ్గర మరిగేది ఒకటి కావాలి. మిడ్జ్‌లీ, ఆల్బర్ట్ హెన్, రాబర్ట్ మెక్‌నరీ కలిసి కూర్చున్నారు. మళ్లీ అదే పట్టిక తీశారు. ఆవిరయ్యే సమ్మేళనాలిచ్చే మూలకాలన్నీ కుడివైపునే ఉన్నాయి. అటు పోయేకొద్దీ మండే గుణం తగ్గుతోంది. కింద నుంచి పైకి పోయేకొద్దీ విషం తగ్గుతోంది. రెండు గీతలూ కలిసే మూల ఫ్లోరిన్ కూర్చుని ఉంది.

ఫ్లోరిన్ పేరు చెబితే అప్పట్లో కెమిస్టులు భయపడేవాళ్లు. కానీ కార్బన్‌తో దాని బంధం ఎంత గట్టిదంటే, ఒకసారి పట్టుకుంటే శరీరంలో విడిపోయి హాని చెయ్యదని వీళ్ల అంచనా. ఇంకో తమాషా ఏంటంటే, వీళ్ల దృష్టి ఫ్లోరిన్ వైపు తిప్పింది ఒక అచ్చుతప్పు లాంటిది. కార్బన్ టెట్రాఫ్లోరైడ్ మరిగే ఉష్ణోగ్రత ఒక పెద్ద పట్టికలో మైనస్ 15 డిగ్రీలని ఉంది. అసలుది మైనస్ 128. తప్పు అంకె సరైన చోటుకి తీసుకెళ్లింది. మూడు రోజుల్లో పని తేలిపోయిందని మిడ్జ్‌లీ తర్వాత చెప్పుకున్నాడు.

తయారీకి యాంటిమొనీ ట్రైఫ్లోరైడ్ కావాలి. దేశమంతా గాలిస్తే చిన్న చిన్న సీసాలు ఐదు దొరికాయి. అందులో చేతికొచ్చిన ఒక సీసా విప్పి కొన్ని గ్రాముల గ్యాస్ చేసి, గాజు గంట కింద గినీ పిగ్‌ని పెట్టి వదిలారు. దానికి చీమకుట్టినట్టు కూడా లేదు. సంతోషంగా రెండో సీసాతో చేశారు. గినీ పిగ్ చచ్చిపోయింది. మూడోదాని గ్యాస్ వాసన చూశారు. ఫాస్‌జీన్, యుద్ధంలో వాడిన విషవాయువు. విచారిస్తే తేలిందేంటంటే ఐదింటిలో నాలుగు సీసాల్లో తేమతో కూడిన కల్తీ ఉప్పు ఉంది. తప్పు గ్యాస్‌ది కాదు, తడిది. మొదట చేతికొచ్చింది ఆ నాలుగింటిలో ఒకటై ఉంటే పని అక్కడితో వదిలేసేవాళ్లమేమో అని ఆయనే తర్వాత అనుకున్నాడు.

1930లో అట్లాంటాలో కెమిస్టుల సభలో మిడ్జ్‌లీ కొత్త గ్యాస్‌ని గుండెనిండా పీల్చి, నెమ్మదిగా వదులుతూ వెలుగుతున్న కొవ్వొత్తిని ఆర్పేశాడు. విషం కాదు, మండదు: ఒక్క ఊపిరితో రెండూ చూపించాడు. ఈసారి చూపించింది అబద్ధం కూడా కాదు. ఫ్రియాన్ అని పేరు పెట్టారు, మన పుస్తకాల్లో ఆర్-12. మైనస్ 30 దగ్గర మరుగుతుంది. ఇంట్లో ఫ్రిజ్ భయం లేకుండా పెట్టుకునే రోజు వచ్చింది. గ్యాస్ లీకై జనం చచ్చిపోవడం ఆగింది, అది చిన్న మేలు కాదు.

కారులోకి ఏసీ 1939 నవంబర్‌లో వచ్చింది. షికాగో ప్రదర్శనలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్‌కి పెట్టి చూపించింది. యంత్రం డిక్కీలో సగం మింగేసేది. కంప్రెసర్‌కి క్లచ్ లేదు. చలేస్తే ఇంజన్ ఆపి, దిగి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాల్సిందే. రెండేళ్లలో ఆపేశారు. బానెట్ కింద సర్దుకునే ఏసీ 1954లో న్యాష్ కార్లతో వచ్చింది.

ఇప్పుడు మన కారు దగ్గరికి వద్దాం. ఇప్పటి కార్లలో ఆర్-12 లేదు, ఆర్-134ఏ ఉంటుంది, మరీ కొత్త వాటిలో కొన్నిటికి ఇంకొక రకం. సూత్రం మాత్రం ఒకటే. కంప్రెసర్ నొక్కుతుంది, ముందున్న కండెన్సర్ వేడిని బయటికి వదులుతుంది, వాల్వు దగ్గర ఒత్తిడి పడిపోతుంది, డ్యాష్‌బోర్డు వెనక ఇవాపరేటర్‌లో మరిగి మన వేడిని లాక్కుంటుంది. ఏసీ చల్లగా రావట్లేదంటే గ్యాస్ జోలికి పోకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి. గాలే తక్కువగా వస్తుంటే అది క్యాబిన్ ఫిల్టర్ గొడవ. కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటోందా? కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందా? పిడుగురాళ్ల సున్నం దుమ్ము, పత్తి నూగు కలిసి కండెన్సర్ రెక్కల మధ్య పేరుకుపోతే కొత్త కారైనా చేతులెత్తేస్తుంది. కారు కదిలేటప్పుడు చల్లగా, ఆగితే వేడిగా వస్తోందంటే ముందు ఫ్యాన్‌నీ, ఆ రెక్కలనీ అనుమానించాలి.

తర్వాత గేజులు. నీలం గేజు తక్కువ ఒత్తిడి వైపు, ఎర్రది ఎక్కువ ఒత్తిడి వైపు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెండూ ఒకే అంకె చూపిస్తాయి. 45 డిగ్రీల ఎండలో అది 150 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. అది చూసి గ్యాస్ నిండుగా ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. థర్మోడైనమిక్స్‌లో చదువుకున్నదే: ద్రవం, ఆవిరి కలిసి ఉన్నంతసేపు ఒత్తిడి ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది, ఎంత సరుకుందన్న దాన్ని బట్టి కాదు. లోపల కాస్త ద్రవం మిగిలినా అదే అంకె వస్తుంది.

ఇంజన్ నడిపి చూస్తే అసలు కథ తెలుస్తుంది. రెండు గేజులూ తక్కువైతే గ్యాస్ తగ్గింది. రెండూ ఎక్కువైతే వేడి బయటికి పోవట్లేదు, లేదా ఎవరో అంచనాకి ఎక్కువ కొట్టారు. నీలం పైకి, ఎరుపు కిందికి వచ్చి దగ్గరపడితే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. నీలం సున్నా కిందికి జారిపోతే దారిలో అడ్డం ఉంది. ఒక్కోసారి లోపలికి చేరిన తడి వాల్వు దగ్గర గడ్డకట్టి అడ్డుపడుతుంది. కాసేపు చల్లగా వచ్చి ఆగిపోయి, ఇంజన్ ఆపి మళ్లీ వేస్తే మళ్లీ చల్లగా వస్తే ఈ తడినే అనుమానించాలి. మిడ్జ్‌లీ గినీ పిగ్‌ని చంపిన తడే, ఇంకో వేషంలో.

గ్యాస్ తగ్గిందని తేలితే పని అయిపోయినట్టు కాదు, అప్పుడే మొదలు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్లకేళ్లు కాస్త కాస్త ఊరుతూ పోవడం మామూలే. కానీ పోయిన ఎండాకాలం కొట్టించింది ఈ ఎండాకాలానికి లేదంటే ఎక్కడో చిల్లి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి జాయింట్ల దగ్గర జిడ్డు మీద దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ కనిపిస్తే అక్కడ సబ్బు నురగ వేసి చూడాలి. నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడొచ్చు, వెలుగులో మెరిసే రంగు వెయ్యొచ్చు. అన్నిటికన్నా చిక్కు ఇవాపరేటర్ లీకు. డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, రోజు పని, ఖర్చు. అందుకే చాలా షెడ్లలో గ్యాస్ కొట్టి పంపేస్తారు, మనమూ అదే అడుగుతాం. చల్లగాలి వస్తుంది, అందరూ సంతోషం. అయొడిన్ వేస్తే నాకింగ్ తగ్గినట్టు. కాకపోతే ఎర్ర రంగులు తెప్పించి చూసేవాడు ఇక్కడ ఉండడు.

లీకు మూశాక అరగంట వ్యాక్యూమ్ లాగి, ఆపి, ముల్లు కదలకుండా నిలిచిందో లేదో చూసి, అప్పుడు తూకం వేసి నింపాలి. చిన్న కారుకి అర కిలో అటూ ఇటూ పడుతుంది, సరైన అంకె బానెట్ కింద స్టిక్కరు మీదే ఉంటుంది. ఆ అర కిలో లీకై గాల్లో కలిస్తే వందేళ్ల లెక్కలో సుమారు 700 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. రెంటచింతల ఎండ తట్టుకోడానికి కొట్టించిన గ్యాస్ ఇది.

మిడ్జ్‌లీకి ఇవేవీ తెలియవు. ఆయనకి పెద్ద పెద్ద పతకాలన్నీ వచ్చాయి. 1937లో పెర్కిన్, 1941లో ప్రీస్ట్‌లీ. వందకు పైగా పేటెంట్లు. 1944లో అమెరికన్ కెమికల్ సొసైటీకి అధ్యక్షుడు కూడా అయ్యాడు. కెమిస్ట్రీ డిగ్రీ లేని మనిషికి! కానీ అప్పటికే మంచం మీద ఉన్నాడు. 1940లో, 51 ఏళ్ల వయసులో, పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. ఒకరి చేత ఎత్తించుకోవడం ఇష్టం లేక తాళ్లు, కప్పీలతో తనని తానే మంచం మీద నుంచి లేపుకునే సాధనం తయారు చేసుకున్నాడు. 1944 నవంబర్ 2న ఒహాయోలోని ఇంట్లో ఆ తాళ్లే మెడకి బిగుసుకుని చనిపోయి కనిపించాడు. తన యంత్రమే తనని చంపిందని కథలుగా చెబుతారు, అధికారికంగా మాత్రం ఆత్మహత్య అని నమోదైంది. ఏదైనా 55 ఏళ్ల మనిషి, నాలుగేళ్లు మంచాన పడి ఉన్నవాడు. దాన్ని వింత వార్తలా చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఆయన పోయాక 30 ఏళ్లకి, 1974లో, మొలీనా, రోలాండ్ అనే ఇద్దరు ఒక లెక్క వేశారు. ఫ్రియాన్‌కి దేనితోనూ చర్య జరపని గుణం ఉంది కదా, దాన్నే కదా కొవ్వొత్తి ఆర్పి చూపించింది. అందుకే అది కింద ఎక్కడా నశించదు, పైకి పోతుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు పడితే క్లోరిన్ విడిపోయి ఓజోన్‌ని తింటుంది. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పల్చబడిపోయిందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం, 1992లో మన దేశం అందులో చేరింది. మన కార్లలోకి క్లోరిన్ లేని ఆర్-134ఏ వచ్చింది అలాగే. పాత గ్యాస్ కొత్తదాంట్లో కలవకుండా రెండింటి కనెక్షన్లూ వేరే వేరేగా పెట్టారు, ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టదు.

గాల్లో ఆర్-12 ఆయుష్షు సుమారు వందేళ్లు. మనకి తెలిసిన ఎక్స్‌పొనెన్షియల్ లెక్కే వెయ్యండి: మిడ్జ్‌లీ పోయి 80 ఏళ్లు దాటింది. ఆయన కన్నుమూసిన ఏడాది ఏదో ఊళ్లో ఏదో ఫ్రిజ్ లోంచి కారిన గ్యాస్‌లో నూటికి నలభై పాళ్లకి పైనే ఇంకా మన నెత్తి మీదే ఉంది.